రెండు పెన్సిల్ సెల్సు

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో సన్నాయి మోగలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో మా నాన్న నాగూర్ ఇంటిపట్టున దొరకడమే కష్టం. అలాంటి మనిషి ఏలూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని, పొద్దున చదివిన పేపరే మధ్యాహ్నం మళ్ళీ చదువుతూ కనిపించేవారు. మేళం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, ఇంకెవరి పేరో చెప్పి పంపేసేవారు. ఆయన ఎందుకలా అయిపోయారో కనిపెట్టడానికి నాకు నెల రోజులకు పైనే పట్టింది.

మొదలైంది కొల్లేట్లో. ఫాల్గుణ మాసం, ఒక లంక గ్రామంలో అమ్మవారి జాతర. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కచేరీ మా నాన్నదే. చుట్టూ చేపల చెరువులు, చెరువుగట్టు మీద స్టేజీ, స్టేజీ వెనక జనరేటరు. నాన్న సన్నాయి, సోమరాజు బాబాయి డోలు, ఇంకొకాయన తాళం. మేళంలో నాకు పనేమీ లేదు. కానీ నా దగ్గర కొత్త రికార్డరు ఉంది. తాడేపల్లిగూడెంలో పెళ్ళి వీడియోలు చేసే స్టూడియోలో నేను సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. సొంత జీతంతో కొనుక్కున్న మొదటి వస్తువు అది. నాన్న కచేరీ మొత్తం ఒక్కసారైనా మంచి సౌండుతో పట్టాలని నా పట్టుదల.

అది రంజాను నెల. నాన్న రోజా ఉన్నారు. పొద్దు గుంకగానే రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, మజ్జిగ తాగడానికి గుడి కమిటీ పెద్ద కృష్ణ గారింటికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే నా రికార్డరు తెర మీద బ్యాటరీ బొమ్మ ఖాళీ అయి మినుకు మినుకుమనడం మొదలుపెట్టింది. ముందురోజు పెళ్ళి పనికి వాడి, సెల్సు మార్చడం మరిచిపోయాను. నా బుర్రకు అంతకంటే మంచి ముహూర్తం దొరకలేదు. లంకలో ఉన్న ఒక్క కొట్టులో వలతాడు దొరికింది, బెల్లం దొరికింది, సెల్సు దొరకలేదు.

స్టేజీ మీద నాన్న కూర్చునే చోట శ్రుతిపెట్టె ఉంది. కచేరీ జరిగినంతసేపూ ఒకే స్వరాన్ని పట్టి ఉంచే పాత ఎలక్ట్రానిక్ పెట్టె. వాయించేవాళ్ళందరికీ అదే ఆధారం. వెనక మూత తీశాను. నాలుగు పెన్సిల్ సెల్సు, నిగనిగలాడుతూ. రెండు తీసి నా రికార్డరులో వేసుకున్నాను. పెట్టెకు దాని సంచిలోనే ఉన్న అడాప్టరు తగిలించి, జనరేటరు నుంచి వచ్చే ప్లగ్గులో పెట్టి, తీగ ఎవరి కాళ్ళకూ తగలకుండా జంపఖానా కిందికి తోశాను. పెట్టె ఎప్పటిలాగే 'సా' అంది. ఎవరికీ ఏ నష్టమూ లేకుండా సమస్య తీర్చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాన్న వచ్చి కల్యాణి రాగం ఎత్తుకున్నారు. గట్టు మీద జనం మాటలాపి కూర్చున్నారు. గంటసేపు సాగాల్సిన కచేరీ. ఇరవై నిమిషాలు దాటాక నాన్న ముఖంలో ఏదో మారింది. కళ్ళు తెరిచారు. ఆయన ఊదుతూ కళ్ళు తెరవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకాసేపటికి రాగం మధ్యలో వదిలేసి మంగళం ఎత్తుకున్నారు. సోమరాజు బాబాయి డోలు మీద చేతులు ఒక్క క్షణం తడబడి, తర్వాత నాన్న వెంట వెళ్ళాయి. జనం చప్పట్లు కొట్టారు. కృష్ణ గారు శాలువా కప్పారు. తేడా ఎవరికీ తెలియలేదు.

వ్యానులో తిరిగి వస్తుంటే నాన్న, బాబాయి ముందు సీట్లో ఏదో మాట్లాడుకున్నారు. నేను వెనక సీట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగ్ ఎలా వచ్చిందో వింటున్నాను. ఇంటికి రాగానే సెల్సు తీసి మళ్ళీ పెట్టెలో వేసేశాను. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను కూడా.

మర్నాడు పొద్దున నాన్న శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని చాలాసేపు విన్నారు. అది నిక్కచ్చిగా మోగింది. ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టి, బీరువా పైన పెట్టేశారు.

"నా చెవి పోయింది, బీబీ," అన్నారు అమ్మతో. టీ చల్లారిపోయింది అన్నంత మామూలుగా అన్నారు.

"రోజా ఉండి ఊదితే కళ్ళు తిరిగుంటాయండీ. చెవికేం రోగం?" అంది అమ్మ.

నాన్న పేపరు తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా కృష్ణ గారు పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని వచ్చారు. వైశాఖంలో ఆ లంకలోనే స్వామివారి కల్యాణం. మా వైపు మేళాన్ని మాట్లాడుకోవడమంటే తాంబూలం ఇవ్వడమే. ఒకసారి పుచ్చుకుంటే ఆకాశం విరిగిపడ్డా వెళ్ళి వాయించాలి. వెనక్కి ఇచ్చేస్తే మళ్ళీ అడిగే ముఖం ఉండదు. మా నాన్న తన జీవితంలో ఒక్క తాంబూలం వెనక్కి ఇచ్చింది లేదు.

ఆ రోజు పళ్ళాన్ని రెండు చేతులతో కృష్ణ గారి వైపు జరిపారు.

"ఏవండీ," అంది అమ్మ గుమ్మంలోంచి.

"ఏంటండీ నాగూరు గారూ, మావల్ల ఏదైనా తప్పు జరిగిందాండి?" అన్నారు కృష్ణ గారు కంగారుగా.

"మీవల్ల కాదండి. శ్రుతి నిలవనివాడు దేవుడి పెళ్ళికి ఊదకూడదండి."

"మావాళ్ళెవరికీ ఏ లోటూ కనిపించలేదండీ బాబూ!"

"నాకు కనిపించిందండి," అన్నారు నాన్న.

కృష్ణ గారు పళ్ళెం మీద తువ్వాలు కప్పుకుని లేచారు. చైత్రమాసం వెళ్ళేలోగా ఎవరికో ఒకరికి ఇవ్వాలని, అప్పటిదాకా ఆలోచించుకోమని చెప్పి వెళ్ళారు. ఆయన మోటారు సైకిలు వీధి మలుపు తిరిగేదాకా నాన్న నిలబడే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. నాన్నకు సన్నాయి తప్ప ఇంకో భాష రాదు. అది లేకపోతే ఆయన మాతో ఏం మాట్లాడతారు?

నాకు చేతనైన వైద్యం ఒక్కటే. ఆ రికార్డింగ్ బాగుచేసి వినిపిస్తే, తనెంత గొప్పగా ఊదారో ఆయనకే తెలుస్తుందనుకున్నాను. రోజూ గూడెం వెళ్ళే ప్యాసింజర్లో, స్టూడియోలో పని అయ్యాక, అదే పని. ముందు పిల్లల అరుపులు తగ్గించాను. టపాకాయల చప్పుడు కోసేశాను. మైకు దగ్గర దగ్గిన మహానుభావుణ్ణి తొలగించాను. జనరేటరు మోత ఒక్కటే వదల్లేదు. ఒకచోట పట్టుకుంటే ఇంకోచోటికి జారుకునేది. దాన్ని తర్వాత చూద్దామనుకున్నాను.

ఇక స్వరాలు. శ్రుతిపెట్టెను ఆధారంగా పెట్టుకుని, నాన్న స్వరం ఎక్కడ దానికి దూరంగా ఉంటే అక్కడ దగ్గరికి లాగే సాఫ్ట్‌వేర్ ఉంది మా దగ్గర. పెళ్ళి సంగీత్‌లో పాడే పెళ్ళికూతుళ్ళందరినీ గాయనులను చేసేది అదే. నాన్నకూ అదే చేశాను.

ఆ ఏడు ఉగాది వెనకాలే రంజాను పండగ వచ్చింది. సేమియా తిన్నాక నాన్నకు హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆయన రెండు నిమిషాలు విన్నారు. తీసి నా ఒళ్ళో పెట్టారు.

"ఎవరమ్మా ఇది?"

"మీరే నాన్నా. మొన్న జాతరలో."

"నేను కాదు. స్వరాలన్నీ గీత గీసినట్టున్నాయి. ఊపిరే లేదు." నా ముఖంలోకి చూశారు. "నన్ను దిద్దావా?"

నేను తలూపాను.

"అంటే నీక్కూడా తెలిసిందన్నమాట, దిద్దాల్సినంత తప్పుందని," అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఓదారుస్తున్నట్టు అన్నారు. నాకు సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ నా చేతిలోంచి ఖాళీ గిన్నె లాక్కుని, "పండగ పూట నీకీ తెలివితేటలెందుకే?" అంది.

దిద్దింది అంతా తీసేద్దామని మర్నాడు స్టూడియోలో ఫైలు తెరిచాను. నేను ఎక్కడ ఎంత దిద్దానో తెర మీద ఒక గీతగా కనిపిస్తుంది. తీసేసేముందు ఎందుకో ఆ గీత మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి చూశాను. అప్పటిదాకా ఒక్కొక్క స్వరాన్నే చూస్తూ వచ్చాను.

మొదటి పద్నాలుగు నిమిషాలు దిద్దాల్సిన పనే పడలేదు. తర్వాత ఒక చిన్న మెట్టు. రెండు నిమిషాలకు ఇంకో మెట్టు. మళ్ళీ ఇంకోటి, ఇంకోటి. నాలుగు మెట్లు, ఇంచుమించు ఒకే ఎత్తు. ఇరవై రెండో నిమిషం తర్వాత ఏమీ లేదు, గీత మళ్ళీ నేల మీదికి వచ్చేసింది. నేను చాలామంది తప్పులు దిద్దాను. పాట తప్పే మనిషి అటూ ఇటూ తూలుతాడు. కొలత పెట్టి నాలుగు మెట్లు కట్టినట్టు ఎవరూ తప్పరు. చెవి పోవడమంటే ఇలాగే ఉంటుందా? నాకు తిండి ధ్యాస పోయింది.

ఆ నాలుగు సమయాలూ కాగితం మీద రాసుకుని, ఒక్కోచోట సన్నాయిని పూర్తిగా తగ్గించి, అడుగున ఏముందో విన్నాను. మొదటి మెట్టు దగ్గర ఏమీ లేదు. ఇంకోసారి విన్నాను. నేను వదిలించుకోలేకపోయిన జనరేటరు మోత, ఆ క్షణంలో గొంతు మార్చి కిందికి దిగింది. రెండో మెట్టు దగ్గర ఇంకాస్త దిగింది. నాలుగుసార్లూ దిగింది.

మా స్టూడియో ఓనరు నాని గారిని పిలిచి వినిపించాను.

"ఇందులో వింతేముంది? జనరేటరు మీద బరువు పడితే స్పీడు తగ్గుద్ది, మోతా తగ్గుద్ది," అన్నారాయన. "ఎవడో పెద్ద మోటారేదో తగిలించాడు. ఒకటి కాదు, నాలుగు. లైట్లు కూడా డల్లయ్యుంటాయి చూసుకో."

మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మోతకు వెనకాల, చాలా దూరంలో, నీళ్ళను ఎవరో తపతపా కొడుతున్న చప్పుడు. మొదటి మెట్టు ముందు అది లేదు. తర్వాత ఉంది. కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళెవరైనా ఆ చప్పుడు పోల్చుకుంటారు, చేపలకు గాలి అందేలా చెరువు నీళ్ళను చిలికే ఏరేటరు అది.

కృష్ణ గారికి ఫోను చేశాను.

"ఆ సాయంత్రం మర్చిపోతానాండి? రెండ్రోజులుగా మబ్బు. సరిగ్గా మీ నాన్నగారు ఎత్తుకున్నాక ఊళ్ళో కరెంటు పోయింది. మా చెరువులో చేప నోళ్ళు పైకెట్టి తేలిపోతంది. ఏరేటర్లు తిరక్కపోతే అరగంటలో చెరువు చెరువంతా పోయేదండి. స్టేజీ జనరేటరుకే తగిలించేశాం, ఒకదాని తర్వాత ఒకటి."

"ఎన్నండీ?"

"నాలుగండి."

ఫోను పెట్టేశాక కాసేపు గర్వంగానే ఉంది. జనరేటరు దిగింది సరే. కానీ నాన్న సన్నాయి జనరేటరు మీద నడవదు కదా? ఆయనకేం సంబంధం? ఆ ఒక్క ముక్కా అతకలేదు. దాన్ని పట్టుకుని ఆ ఆదివారం పెదపాడు వెళ్ళాను. సోమరాజు బాబాయి పెరట్లో డోలు వార్లు బిగిస్తున్నారు.

"బాబాయ్, ఆ రోజు వ్యానులో నాన్న మీతో ఏమన్నారు?"

"ఏమంటారమ్మా. శ్రుతి ఒకచోట, నేనొకచోట అయిపోయాం సోమరాజూ అన్నారు. కొల్లేటి గాలికి సన్నాయి పీక తడిసుంటదిలెండి అన్నాను. కాదన్నారు. పోనీ పెట్టె తేడా చేసిందేమోనన్నాను. అదెలా చేస్తది, పొద్దున్నే నా చేత్తో కొత్త సెల్సు వేశాను కదా అన్నారు. ఇంక నేనేం మాట్లాడను?"

బాబాయి ఇంకా ఏదో చెబుతున్నారు. నాకు వినపడలేదు. ఆ సెల్సు నిగనిగ కళ్ళ ముందు కనపడింది. నేను తీసిన మూత, నేను పెట్టిన ప్లగ్గు కనపడ్డాయి. తప్పింది నాన్న కాదు, పెట్టె. ఏరేటరు తగిలించినప్పుడల్లా జనరేటరు దిగింది, దాంతోపాటు ఆ పాత పెట్టె వెంట్రుకవాసి దిగింది. నాన్న నిలబడ్డారు. నేనేమో దిగిపోయిన పెట్టెను ఆధారం చేసుకుని, నిలబడ్డ మనిషిని లాగి దాని పక్కన కూర్చోబెట్టాను. పైగా దాన్ని పండగ కానుకగా ఇచ్చాను.

"ఏమ్మా, అలా అయిపోయావేంటి?" అన్నారు బాబాయి.

"ఏం లేదు బాబాయ్," అన్నాను. మొదటిసారి నాకు నా రికార్డరు మీద అసహ్యం వేసింది.

చెప్పడానికి నాలుగు రోజులు తీసుకున్నాను. చైత్రం సగానికి వచ్చింది, రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. వట్టి చేతులతో చెప్పలేక రికార్డింగును మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి నాన్న స్వరం ఒక్కటీ ముట్టుకోలేదు. పెట్టె శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించి, దాని స్థానంలో కదలని శ్రుతి ఒకటి పెట్టాను.

అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నాన్నా, ఆ రోజు పెట్టెలో మీరు వేసిన సెల్సు లేవు. రెండు నేను తీశాను."

"ఎప్పుడు?"

"మీరు మజ్జిగకు వెళ్ళినప్పుడు. నా రికార్డరుకు. పెట్టెను జనరేటరుకు తగిలించాను."

మిగతాది గడగడా చెప్పేశాను. ఏరేటర్లు, నాలుగు మెట్లు, జనరేటరు మోత, అన్నీ. ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగా వీధిలో పోతున్న పూల బండినే చూస్తున్నారు. చివరికి హెడ్‌ఫోన్ల కోసం చెయ్యి చాపారు.

కళ్ళు మూసుకుని విన్నారు. పద్నాలుగో నిమిషం దాటింది. పదహారు దాటింది. ఆయన కుడిచేతి వేళ్ళు మోకాలి మీద, సన్నాయి రంధ్రాల మీద ఆడినట్టు ఆడుతున్నాయి. అమ్మ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఆయన పెదవులు కదిలాయి. నాకు గుండె నిండిపోయింది. ఇరవై రెండో నిమిషంలో వేళ్ళు ఆగిపోయాయి.

"ఆపు," అన్నారు. "ఇక్కణ్ణించి ఇది శ్రుతిలో లేదు."

నిజమే. చివరి మూడు నిమిషాల్లో దిద్దాల్సిందేమీ లేకపోవడం చూసి, నాన్న తేరుకున్నారనుకున్నాను. తేరుకోలేదు. ఓడిపోయారు. పెట్టె ఎక్కడుంటే అక్కడికి దిగిపోయారు.

"చెవి చెబుతూనే ఉందమ్మా," అన్నారు మెల్లగా. "పెట్టె తప్పుతోంది, పెట్టె తప్పుతోంది అని. కొత్త సెల్సు వేశాను కదా అని నేనే దాని నోరు నొక్కేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు వాయించిన చెవిని కాదని, సెల్సును నమ్మాను."

"ఆ మూడు నిమిషాలూ సరిచేసేస్తాను నాన్నా. ఎవరికీ తెలియదు."

"ముట్టుకోకు." గొంతు గట్టిగా వచ్చింది. నెల తర్వాత మొదటిసారి ఆ గొంతు విన్నాను. "అది అలాగే ఉండాలి. అక్కడ తప్పింది నేనే."

"మరి నేను..."

"సెల్సు తీయడం చిన్నపని. చెప్పకపోవడం చిన్నది కాదు. నీ వల్ల కృష్ణ గారి తాంబూలం వెనక్కి పోయింది. రేపు నాతో లంకకు రా. అడిగేటప్పుడు పక్కన నిలబడు."

నాన్న ఒకరిని అడగడం నేను చూడలేదు. మర్నాడు చూశాను. కృష్ణ గారింటి వాకిట్లో చెప్పులు విడిచి, "ఇచ్చేసిన తాంబూలం మళ్ళీ అడగడానికి వచ్చానండి. ఇంకెవరికైనా ఇచ్చేసి ఉంటే, ఈ మాట అనలేదనుకోండి," అన్నారు. చెవులు ఎర్రబడిపోయాయి. సెల్సు సంగతి ఆయన చెప్పకముందే నేను చెప్పేశాను. ఏరేటర్ల మాట వచ్చేసరికి కృష్ణ గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నా చేప కోసం మీ కచేరీ చెడగొట్టానాండి!"

లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి పళ్ళెం పట్టుకొచ్చారు. తువ్వాలు తీస్తే ఆకులు ఎండి చుట్టుకుపోయి ఉన్నాయి. వక్కలు, పసుపుకొమ్ము అలాగే ఉన్నాయి.

"గూడెం మేళంవాళ్ళు రెండుసార్లు వచ్చారండి. ఇవ్వబుద్ధి కాలేదు. ఉండండి, పచ్చాకులు తెప్పిస్తాను."

"ఇవి చాలండి," అని నాన్న ఎండుటాకులకే చేతులు చాపారు.

"మరి కల్యాణం నాడు కూడా మబ్బేసి, చేప తేలిపోతేనోండి?" అన్నారు కృష్ణ గారు. ఆయన భయం ఆయనది.

"తగిలించుకోండి. చేప బతకాలి కదండీ. నేను మాత్రం దిగనండి."

వైశాఖంలో కల్యాణం రోజు ఎండ మాడ్చేసింది. ఒక్క మబ్బు లేదు. స్టేజీ ఎక్కాక నాన్న ముందుగా శ్రుతిపెట్టె వెనక మూత తీసి, నాలుగు సెల్సునూ బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నారు. సోమరాజు బాబాయి నా వైపు చూసి, నవ్వు ఆపుకోవడానికి డోలు మీదికి వంగారు. ఎప్పుడూ తన మోకాలి పక్కనే ఉండే పెట్టెను నాన్న ఈసారి బాబాయి వైపు జరిపారు.

నేను కింద, మైకు పక్కన కూర్చుని ఉన్నాను. "షాహీన్," అని పిలిచారు. లేచి వెళ్ళాను. లాల్చీ జేబులోంచి రెండు కొత్త పెన్సిల్ సెల్సు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇవి నీ మెషీనుకి," అన్నారు. "ఈసారి మొత్తం రావాలి."